ఫిల్టర్ బెడ్ మెట్లు

నా భార్య పోయింది. కోరుట్ల దగ్గర ఊళ్లకు తాగునీరు శుభ్రం చేసే సర్కారు ఫిల్టర్ బెడ్‌లో ఆమె సూపర్‌వైజర్. మెట్ల మీద జారి పడింది. లేచి, డ్యూటీ ముగించి, బస్సెక్కి జగిత్యాల వచ్చింది. తల బరువుగా ఉందని పడుకుంది. తెల్లారి లేవలేదు.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఎవరికి దెబ్బ తగిలినా ఆమె దగ్గర దాచడం కష్టంగా ఉండేది. ఒకసారి ఒక ఆపరేటర్ చేతికి గుడ్డ చుట్టుకొని వచ్చి, "ఇంట్ల కత్తి తాకింది మేడం" అన్నాడట.

"ఏందయ్యా, మీ ఇంట్ల కూరగాయలకు గ్రీజు పూసి కోస్తరా?"

అతను నవ్వేసి, మోటారు బెల్టులో చేయి పడిందని ఒప్పుకున్నాడు. ఆమె పైకి రిపోర్టు పంపి, బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ పెట్టించింది. "నువ్వు దాచిన దెబ్బ రేపు ఇంకొగలకు తాకుతది" అనేది.

ఇంట్లోనూ అంతే. ఉల్లిగడ్డ కోస్తూ నా వేలు తెగితే, కట్టు కట్టకముందే విచారణ. "ఇది ఆఫీసు గాదు" అన్నాను. "గాకుంటె ఏంది? గీడ లైటే లేదు" అంది. మర్నాడు అక్కడ బల్బు వెలిగింది. ఇప్పటికీ దాని కిందే వండుకుంటున్నాను.

ఆ మెట్లకు రెయిలింగ్ కావాలని ఎన్నోసార్లు అడిగింది. మంజూరు కాలేదు.

దినాలు కాకముందే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు.

"సార్, ఇంట్లనే పడ్డదని రాసియ్యుండ్రి. పెన్షన్ జల్ది అస్తది."

"పడ్డది మెట్ల మీద గదా?"

"పడ్డది అక్కడనే సార్. పోయింది ఇంట్లనే గద. డ్యూటీల అంటె ఎంక్వైరీలు, తిరుగుడు..."

సిరిసిల్ల నుంచి వచ్చిన బావమరిది కూడా, "పోయిన మనిషి రాదు గద బావా, గొడవెందుకు?" అన్నాడు. అతని బాధ నాకు తెలుసు. కానీ ఇంట్లో పడిందని రాస్తే ఆ మెట్లకు ఏ తప్పూ ఉండదు. రెయిలింగ్ ఎవరు పెడతారు?

నిన్న కోరుట్ల వెళ్లి, డ్యూటీలో మెట్ల మీద పడిందని రాసిచ్చాను. విచారిస్తామన్నారు. ఏం తేలుస్తారో తెలియదు.

తిరిగి వచ్చేముందు ఆ మెట్ల దగ్గరికి వెళ్లాను. నాచు పట్టి ఉన్నాయి. నీళ్ల శాంపిల్ సీసాతో ఒక ఆపరేటర్ పక్కవాటుగా దిగుతున్నాడు. చేయి అందించాను. పట్టుకొని దిగాడు. వెంటనే ఇంకొకతను ఎక్కడానికి వచ్చాడు. నేను అక్కడే నిలబడ్డాను.