గ్యాస్ మూసిన ట్రైలర్

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే అడ్డుపడి వంకలు పెట్టేవాణ్ణి. "అన్నీ మీకే తెలుసు లెండి" అని నా భార్య సుజాత మూతి తిప్పుకునేది. అందుకే ఇది రాయడానికి ఏడాది తటపటాయించాను.

మేముండేది అమెరికాలో, బెంటన్‌విల్‌లో. సుజాతకి చలంటే పడదు. సెప్టెంబర్ రాగానే సాక్సులు, స్వెటర్ బయటికొచ్చేవి. చలికాలం నాలుగు రోజులైనా దక్షిణాన సముద్రం ఒడ్డున గడుపుదామని పోరు పెడితే, పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నాం. మంచం, పొయ్యి, సింకు ఉన్న చిన్న గది అది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లాలి. ఆఫీసు పనంటూ ఆ ప్రయాణాన్ని మూడేళ్లు వాయిదా వేసింది నేనే.

జనవరిలో సుజాత గుండెపోటుతో పోయింది. అస్థికలు ఇంట్లోకి తేకూడదని అమ్మ ఫోన్‌లో మరీ మరీ చెప్పింది. మా వైపు బయట చెట్టుకి కట్టి ఉంచుతారు. ఇక్కడ ఏం చేయాలో తోచక, ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఉన్న ట్రైలర్‌లో మంచం మీద అస్థికల పెట్టె ఉంచి తాళం వేశాను. మంచు మీద మంచు పడి పదకొండు రోజులు కదల్లేకపోయాం. నేను ఇంట్లో హీటర్ వేసుకుని పడుకున్నాను. తను బయట ఉంది.

పన్నెండో రోజు పొద్దున నేనూ, సుజాత తమ్ముడు కిరణ్ దక్షిణాన గాల్వెస్టన్ సముద్రానికి బయలుదేరాం. రోడ్డంతా జారుడు. నలభై మైళ్ల వేగం దాటితే వెనక ట్రైలర్ ఊగుతోంది. ఎండ అన్న మాటే లేదు. మధ్యాహ్నం టెక్సర్కానా ఊరికి ముందు, హైవే పక్కన రెస్ట్ ఏరియాలో ఆపాం. అప్పుడు గుర్తొచ్చింది. చలికాలం రాకముందే ట్రైలర్ పైపుల్లో నీళ్లు ఖాళీ చేయాలి, లేకపోతే గడ్డకట్టి పగిలిపోతాయి. ఆ ఏడాది నేను చేయలేదు. లోపల ఏమైందో, ఆ పెట్టె ఏమైందో అనుకుంటూ తలుపు తీశాను.

లోపల వెచ్చగా ఉంది.

"బావా, హీటర్ ఆపడం మర్చిపోయారా?" అన్నాడు కిరణ్.

"కొన్నప్పటి నుంచీ గ్యాస్ వాడనే లేదు కదరా" అన్నాను. ఇద్దరం వెళ్లి చూశాం. సిలిండర్ మూసే ఉంది. హీటర్ మీద చేయి పెడితే ఇనుము చల్లగా తగిలింది. సింకు కింద పైపులు తడిమాను, ఎక్కడా పగల్లేదు. కింద డ్రెయిన్ కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. కారులో చూస్తే బయట తొమ్మిది డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ పదమూడు. ఆ చలిలో నీళ్లు రాయి కావాలి.

కిరణ్ జాకెట్ విప్పేసి, పెట్టె పక్కన కూర్చుని, "అక్కా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తను పోయాక అదే మొదటిసారి.

మర్నాడు అస్థికలు సముద్రంలో కలిపాం. తర్వాత ట్రైలర్లు బాగుచేసే అతన్ని అడిగితే ఎండకి వేడెక్కి ఉంటుందన్నాడు. ఎండ లేదని చెబితే భుజాలు ఎగరేశాడు. నాకూ అంతకన్నా తెలియదు.

ఆ వెచ్చదనం ఆ ఒక్క మధ్యాహ్నానిదేనా, మొదటి రాత్రి నుంచీ ఉందా అని కిరణ్ ఒకసారి అడిగాడు. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా నేను ఆ తలుపు తీసి చూడలేదు.