ఎనిమిది గంటలు తిరగని ఇంజను

నాకు అక్షరాలు ముప్పై మూడో ఏట వచ్చాయి. ఇంజన్ల పని అంతకు పదిహేనేళ్ళ ముందే వచ్చింది. ఈ రెంటికీ మధ్య ఒక మనిషి కుడిచెయ్యి పోయింది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను కాబట్టి దాచిపెట్టి చివర్లో చెప్పడం దేనికని ముందే చెప్పేస్తున్నాను.

గుంటూరులో రైలుగేటు పక్కన రేకుల షెడ్డు మా వర్క్‌షాపు. పత్తి నుంచి గింజ తీసే జిన్ను మిల్లుల్లో, కారం మరల్లో, మెట్టపొలాల బావుల మీద నడిచే ఆయిలు ఇంజన్లు పాడైతే ఎడ్లబండ్ల మీద అక్కడికి వచ్చేవి. పల్లెల్లోకి కరెంటు అప్పటికి పెద్దగా రాలేదు. నేను మొదట కిరసనాయిల్లో సామాన్లు కడిగాను. తరవాత బోల్టులు బిగించాను. ఆ తరవాత నన్ను టెస్టు బెంచి దగ్గరికి పంపారు.

బెంచి అంటే బల్ల కాదు, నేలలో పాతిన సిమెంటు దిమ్మ. బాగుచేసిన ఇంజన్ని దాని మీద బిగించి, చక్రానికి మోకు చుట్టి, మోకు కొసన తూకం గుండ్లు వేలాడదీస్తాం. మోకు చక్రాన్ని పట్టి ఆపాలని చూస్తుంది, ఇంజను దాన్ని తోసుకుంటూ తిరగాలి. రేపు మిల్లులో లాగాల్సిన బరువు ఇవాళే లాగించి చూడడమన్నమాట. మోకు కాలిపోకుండా పక్కన ఒక మనిషి నీళ్ళు పోస్తూ నిలబడాలి. అలా ఎనిమిది గంటలు తిప్పి, ఆపి, అడుగున ఉన్న తలుపు విప్పి, లోపల ఇరుసు చుట్టూ ఉండే బేరింగుకు అరచేతి వెనకవైపు ఆనించాలి. పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఆగితే ఇంజను పాసు. ముందే లాగేసుకుంటే ఫెయిలు.

ఎనిమిది గంటలు ఎందుకంటే, కరిగించి కొత్తగా పోసిన బేరింగు మెత్తని లోహం. మొదటి మూడు నాలుగు గంటలు ఏ బేరింగయినా కొత్తల్లుడిలా బుద్ధిగా ఉంటుంది. పోత సరిగ్గా అతుక్కోనిదయితే ఆ తరవాత వేడెక్కడం మొదలుపెడుతుంది. ఇదంతా నాకు ఎవరూ పుస్తకంలో చూపించలేదు. ఇనపచువ్వ ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్ళతో పట్టుకుని, లోపలి చప్పుడు తలలోకి రానిచ్చి నేర్చుకున్నాను. నా ముందుపళ్ళు రెండు ఆ చదువుకే పోయాయి.

పాసైన ఇంజను వెంట ఒక అట్ట వెళ్ళేది. ఎన్ని గంటలు తిప్పిందీ, ఎంత బరువు లాగించిందీ గుమాస్తాగారు అందులో రాస్తారు. కింద నా వేలిముద్ర. పని మధ్యలో నా వేళ్ళకు మడ్డి ఉంటుంది, అట్ట పాడవుతుంది. అందుకని సోమవారం పొద్దున నేను శుభ్రమైన చేతులతో రాగానే, వారానికి సరిపడా ఖాళీ అట్టలు వరసగా పేర్చి ముద్రలు వేయించుకునేవాడాయన. రాత తరవాత. అందులో తప్పుందని మా ఇద్దరికీ తోచలేదు. అనువుగా ఉందనుకున్నాం, అంతే.

ఒక ఏడాది పత్తి దిగే ముందు, నల్లపాడు దాటి పడమరగా ఉన్న ఒక ఊరి జిన్ను మిల్లు ఇంజను మా దగ్గరికి వచ్చింది. బేరింగు కొత్తగా పోసి, పొద్దున ఏడింటికి బెంచి మీద స్టార్టు చేశాను. మిల్లు యజమాని పురోహితుడి చేత ముహూర్తం పెట్టించుకుని మరీ వచ్చాడు. పదకొండు దాటితే వర్జ్యం. ఆ లోపల ఇంజను బండెక్కాలి. పదింటికి మా మేస్త్రీ వచ్చి ఆపమన్నాడు.

"మూడు గంటలే అయిందండి మేస్త్రీగారూ."

"నాకు లెక్కలు రావనుకున్నావంట్రా? ఆపు."

"కొత్త పోతండి. తలుపయినా ఇప్పి చూడనీయండి."

"తలుపు ఇప్పి, నూనె దించి, మళ్ళీ పోసి, మళ్ళీ బిగించేసరికి పన్నెండవుద్ది. వర్జ్యం నీకోసం ఆగుద్దా?"

మిల్లు యజమాని బండి దగ్గర నుంచే కేకేశాడు. "ఏవయ్యా, నీ పెళ్ళి ముహూర్తం కూడా ఇట్టాగే ఎనిమిది గంటలు ఆపావా ఏంది?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే మీట లాగి ఇంజను ఆపాను. వేడి తగ్గకుండానే దాని మీద పసుపునీళ్ళు చల్లితే ఆవిరి లేచింది. కొబ్బరికాయ కొట్టారు. పదకొండుకు ముందే బండి కదిలింది.

నెల తిరక్కముందే ఆ బేరింగు పట్టేసింది. తిరిగే చక్రం ఆగదు, లోపల బేరింగు ఇరుసుకు అతుక్కుపోయింది. బేరింగును పట్టుకున్న కడ్డీ విరిగి, ఇంజను పక్కటెముకలు పగలగొట్టుకుని బయటికి వచ్చింది. నూనెకుప్పె పట్టుకుని పక్కనే ఉన్న, మిల్లులో ఇంజను నడిపే డ్రైవరుకు మోచేతి దగ్గర తగిలింది. ఆస్పత్రిలో చెయ్యి తీసేశారు.

ఆయన్ని నేనెరుగుదును. నాకన్నా పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఇంజను తుడిచే గుడ్డ వేరే, చేతులు తుడుచుకునే గుడ్డ వేరే పెట్టుకునే మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని, నిద్రపోయి నూనె పొయ్యడం మరిచాడన్నారు మిల్లువాళ్ళు. కాదు, బేరింగే మంచిది కాదన్నాడు ఆయన. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఒక ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు అట్ట పట్టుకుని మా షెడ్డుకు వచ్చాడు.

"ఈ ముద్ర నీదేనా?"

"నాదేనండి."

"ఎనిమిది గంటలు తిప్పావా?"

మేస్త్రీ ఆయన వెనక నిలబడి ఉన్నాడు. నన్ను చూడలేదు. నా బెంచిని చూస్తున్నాడు. కాదంటే రేపట్నుంచి ఆ బెంచి దగ్గర ఇంకొకడుంటాడని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"తిప్పానండి" అన్నాను.

ఒక్క మాట. డ్రైవరుదే తప్పని తేలింది. మిల్లులోనే కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడా ఆయనకు పని పుట్టలేదు. నిద్ర డ్రైవరు అని పేరు పడింది.

నేను మాత్రం పైకి వచ్చాను. మూడేళ్ళలో బెంచి మొత్తం నా చేతికిచ్చారు. రైతులు ఇంజనీరుగారూ అని పిలవడం మొదలుపెట్టారు. నిజానికి ఆ అబద్ధం తరవాత నేను ఏ ఇంజన్నీ ఎనిమిది గంటలకు నిమిషం తక్కువ తిప్పలేదు. దాంతో షాపుకు పేరొచ్చింది, నాకు జీతం పెరిగింది. మంచిపని వల్ల బాగుపడ్డానో, చెడ్డపని వల్లనో ఇప్పటికీ లెక్క వేసుకుంటూనే ఉంటాను.

వేలిముద్ర వేసే ఇంజనీరంటే నలుగురూ నవ్వుతారు, సంతకమయినా నేర్చుకోమన్నాడు మా యజమాని. మధ్యాహ్నం అన్నాల వేళ గుమాస్తాగారు సిమెంటు దిమ్మ మీద సుద్దతో అక్షరాలు పెట్టేవాడు. నేను దిద్దేవాణ్ణి. ఏడాది పట్టింది. చదవడం వచ్చాక మొట్టమొదట నేను అడిగింది పాత అట్టల కట్టలు. షాపులో ఉంచుకునే రెండో ప్రతులవి. నా ముద్రల పైన ఏం రాశారో చూసుకోవాలనిపించింది. ఆ ఇంజను అట్ట దొరికింది. ఎనిమిది గంటలని ఉంటుందని తెలుసు. దాని కింద ఇంకో వరస ఉంది: "బేరింగు విప్పి, చేతితో తాకి చూడడమైనది." కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.

"అన్నిట్లోనూ అదే రాస్తానయ్యా. మేస్త్రీ పాసంటే పాసని రాశాను" అన్నాడు గుమాస్తాగారు. ఆయన మొహం చూస్తే ఆయనా ఆ సంగతి మరిచిపోలేదనిపించింది.

తరవాతి సెలవునాడు సైకిలు మీద ఆ ఊరు వెళ్ళాను. మిరప కల్లంలో ఆడవాళ్ళ వరసలో కూర్చుని, ఎడమచేత్తో తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నాడు డ్రైవరు.

"ఏరా, ఇంజనీరువంటగా. రా, కూర్చో. ఘాటుకి ఓర్చుకుంటావా?"

చెప్పేశాను. మూడు గంటలన్నాను, తలుపు విప్పలేదన్నాను. ఆయన ఏరడం ఆపలేదు.

"తెలుసురా. బండితోలినోడే చెప్పాడు. నేను చెప్పుకోని చోటు లేదు. అట్ట మీద నీ ముద్దరుంది. నా నోటికి ముద్దరేది?"

"ఇప్పుడు నాకు రాయడం వచ్చన్నా. రాసిస్తాను."

"రాయి. రాసి ఇక్కడే చదువు, ఈళ్ళంతా ఇనాలి."

కాయలు తూచే కాటా గుమాస్తాను అడిగి కాగితం, పెన్సిలు తెచ్చాను. మోకాలి మీద పెట్టుకుని రాశాను. ఇంజను మూడు గంటలే తిప్పాను, బేరింగు చూడలేదు, ఇన్‌స్పెక్టరుగారితో అబద్ధమాడాను. బిగ్గరగా చదివాను. వరసలో చేతులన్నీ ఆగాయి.

"నేను నిద్రపోలేదని రాయి" అన్నాడాయన.

నేను కాగితం మీద నుంచి పెన్సిలు తీశాను. "ఆ టయానికి నేనక్కడ లేనుగదన్నా. చూడంది ఎట్టా రాయను?"

పక్కన కూర్చున్న ముసలామె గంప కింద పెట్టింది. "ఆహా! చూడకుండానే ఆ పొద్దు ముద్దరేశావే, అప్పుడు లేచిందా ఈ నీతి? మేమందరం ఇన్నేళ్ళూ నిద్రమొగమోడని నవ్వాం ఈయన్ని. ఈయన నిద్రపోవడం మాకు మాత్రం ఎవరు చూపించారు?"

ఆయన నా వంక చూస్తున్నాడు. అరిగిన పెన్సిలు మొనను గోటితో గీరి, "డ్రైవరు నిద్రపోలేదు" అని రాశాను. అది కూడా చదవమన్నాడు. చదివాను. ఆయన కాగితం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ కాగితం తీసుకుని ఆయన మిల్లుకు వెళ్ళాడు. ఆ ఇంజను ఎప్పుడో పాతఇనపసామాన్లకు పోయిందని, ఇప్పుడు చూసేదేం లేదని గేటు దగ్గర నుంచే పంపించేశారు. కబురు మా యజమానికి చేరింది. "షాపు పరువు తీశావు" అన్నాడు, సాయంత్రానికల్లా నన్ను బెంచి దించాడు. వారం తిరక్కుండా చీరాల వైపు ఇంకో షెడ్డులో చేరాను. పనివచ్చినవాడికి బెంచి ఎక్కడయినా దొరుకుతుంది. ఇంకో ఇరవై ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను, ఇంజనీరుగారనే పిలిపించుకున్నాను.

ఆయన్ని ఊళ్ళో నిద్ర డ్రైవరు అనడం మానేశారని విన్నాను. ఇంజను మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఒంటిచేత్తో ఇంజను తిప్పలేడన్నారు. అది నిజమే. కాయల కాలంలో కాయలు ఏరాడు, మిగతా కాలం ఇంట్లో కూర్చున్నాడు.