మూడు ముళ్ల గ్లౌజు

నా ఎడమ చేతికి బొటనవేలు, చూపుడువేలు ఉన్నాయి. మిగతా మూడు వేళ్లు ఉండాల్సిన చోట శనగగింజలంత బుడిపెలు ఉన్నాయి. పుట్టుకతోనే అంతే. దాని గురించి బాధపడే పనిని చిన్నప్పుడే చుట్టాలకు వదిలేశాను. వాళ్లు ఆ పని చాలా శ్రద్ధగా చేసేవారు.

మా అమ్మ కర్ణాటకలోని బీదర్‌లో, గాంధీ గంజ్ ధాన్యం బజారు దుకాణమొకదానిలో కందులు, పెసలు చెరిగేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. చాట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి చెరగబోతే మొదటి రోజు పెసలన్నీ నేల పాలయ్యాయి. అమ్మ తిట్టలేదు. మర్నాడు నాకోసం ఒక చిన్న చాట తెచ్చింది. దానితో నేను ఏ ఇబ్బందీ లేకుండా చెరిగాను, మధ్యాహ్నానికి అమ్మతో పోటీ కూడా పెట్టుకున్నాను.

ఇంటర్ తర్వాత మా ఊళ్లోనే ఒక నర్సింగ్ కాలేజీలో సీటుకు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి బయలుదేరేటప్పుడు అమ్మ నా చున్నీ సర్దుతూ, "చెయ్యి గీ చున్నీ కింద దాయకు బిడ్డా. వాళ్లు అడగకముందే చూపియ్యి" అంది. నాకు కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేనెప్పుడు దాచానమ్మా అని గొడవపడ్డాను. నిజానికి అప్పుడు కూడా నా ఎడమ చేయి చున్నీ కిందే ఉంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు నాతో చొక్కా గుండీలు పెట్టించాడు, సూదిలో దారం ఎక్కించమన్నాడు, నిండు బకెట్ ఎత్తమన్నాడు. అన్నీ చేశాను. 'ఫిట్' అని రాశాడు. దాని కింద ఇంకో వాక్యం కూడా రాశాడు. 'ఆపరేషన్ థియేటర్ పోస్టింగుకు ముందు చేతిని మళ్లీ పరీక్షించాలి.' ఆయన చెడ్డవాడేం కాదు, అనుమానం వచ్చింది, రాశాడు. కానీ థియేటర్ పోస్టింగ్ పూర్తి కాకపోతే కోర్సు పూర్తి కాదు, కోర్సు పూర్తి కాకపోతే చదివిందంతా వృథా. ఆ ఒక్క వాక్యం రెండేళ్లపాటు నా ఫైలులో కూర్చుని నాకోసం ఎదురుచూసింది.

వార్డుల్లో రెండేళ్లు బాగానే గడిచాయి. పరుపు మీద దుప్పటి మూలలు మడవడం, బీపీ చూడడం, ఇంజెక్షన్ ఇవ్వడం, అన్నీ నాకు నేనే పద్ధతులు కనిపెట్టుకుని చేశాను. కుశనూర్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ సూది చూసి కాదు, నా చేయి చూసి భయపడింది.

"గా చెయ్యేంది బిడ్డా? గా చెయ్యితోనే సూది ఇస్తవా?"

"ఇస్తా అవ్వా. నొప్పైతే తిట్టు."

ఇచ్చాక ఆవిడ నిజంగానే తిట్టింది. మనసు చివుక్కుమంది. తర్వాత గమనిస్తే ఆవిడ సూది ఇచ్చిన ప్రతి ఒక్కరినీ అంతే తిడుతోంది. ఆ రోజంతా నేను సంతోషంగా ఉన్నాను.

మూడో ఏడు థియేటర్ పోస్టింగ్ వచ్చింది. థియేటర్ బాధ్యత ఒక సిస్టర్‌ది. పొట్టి మనిషి, మాట తక్కువ. ఆమె కన్నడంలో మాట్లాడేది, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. మొదటి రోజే మమ్మల్నందరినీ నిలబెట్టి ఒకటే నియమం చెప్పింది. "శుభ్రం చేసుకున్న చేయి దేనికైనా తగిలితే అప్పటికప్పుడు పైకి చెప్పండి. చెప్పినవాళ్లను నేను తిట్టను. దాచినవాళ్లను మాత్రం గేటు దాటిస్తాను."

ఆ తర్వాత గౌను, గ్లౌజులు వేసుకోవడం నేర్పింది. థియేటర్లో చున్నీ ఉండదు కదా, నా చేయి అందరి ముందూ ఉంది. గ్లౌజు తొడుక్కున్నాను. మూడు ఖాళీ వేళ్లు తోటకూర కాడల్లా వేలాడాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను వినలేదన్నట్టు నిలబడ్డాను.

సిస్టర్ నవ్వలేదు. బల్ల మీద ఉత్తుత్తి ఆపరేషన్ సామాను పరిచి, ఫోర్సెప్స్, అంటే చిన్న పటకారు, అందివ్వమంది. అందిస్తుంటే ఖాళీ వేలొకటి ఫోర్సెప్స్ నోట్లో ఇరుక్కుని, పట్టు బిగుసుకుంది. విడిపించేలోగా ఇంకో ఖాళీ వేలు బల్ల కింది అంచుకు తగిలింది. "తగిలింది సిస్టర్" అన్నాను.

"చూశాను" అంది ఆమె. "ఇది ఉత్త బల్ల. రేపు ఎవరో ఒకరి కడుపు తెరిచి ఉంటుంది. అక్కడ నీ గ్లౌజు వేలు దారంతో పాటు ముడిపడితే ఏం చేస్తావ్?"

ఆమె అన్యాయంగా మాట్లాడి ఉంటే పోట్లాడేదాన్ని, అందులో నాకు మంచి అనుభవం ఉంది. కానీ ఆమె చెప్పింది నిజం. అందుకే అంత బాధ కలిగింది.

"పది రోజుల్లో బయటి నుంచి ఎగ్జామినర్ వస్తుంది. ఈలోగా దీనికి దారి చూపించు. లేకపోతే ఈ పోస్టింగ్ చేయలేదని రాయాల్సి వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ఖాళీ వేళ్లను మడిచి ప్లాస్టర్ అంటించి చూశాను. ప్లాస్టర్ తడికి ఊడిపోయింది, పైగా అది స్టెరైల్ కాదు. చిన్న సైజు గ్లౌజు వేసుకుంటే బొటనవేలు దూరలేదు. రెండు గ్లౌజులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మూడు వేలాడేవి కాస్తా ఆరయ్యాయి. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తినకుండా స్టెరిలైజేషన్ గది ముందు మెట్టు మీద కూర్చున్నాను. ఇంటికి వెళ్లి అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

లోపల పెద్దమ్మ పని చేస్తోంది. పెద్దమ్మ అంటే థియేటర్ ఆయా. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది, మాలాగే తెలుగు మాట్లాడే కుటుంబం, ఆదివారం చర్చిలో మా వెనక వరసలో కూర్చునేది. ఆ ఆసుపత్రిలో మందపాటి పాతరకం రబ్బరు గ్లౌజులు ఇంకా వాడేవారు. పెద్దమ్మ వాటిని కడిగి, గాలి ఊది చిల్లులు చూసి, ఆరబెట్టి, పౌడరు చల్లి, జతలు జతలుగా గుడ్డ సంచుల్లో పెట్టి డ్రమ్ములో సర్దేది. ఆ డ్రమ్మును ఆవిరి యంత్రంలో పెడితే స్టెరైల్ అయ్యేవి.

"ఏందే, ఏడుస్తున్నవా, కోపానికొచ్చినవా?" అంది నన్ను చూసి.

"కోపం."

"అయితే మంచిదే. ఏడుపైతే చేతులు సాగవు. ఇగో, గీ గ్లౌజులకు జర పౌడర్ కొట్టు."

పౌడరు కొడుతూ జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ కాసేపు విని, "చెయ్యి ఇటు దే" అంది. నా చేయి పట్టుకుని, కూరగాయ బేరమాడేటప్పుడు చూసినట్టు అటూ ఇటూ తిప్పింది. బుడిపెల మొదట్లో తన వేలు పెట్టి కొలిచింది.

"గింతదానికి నాలుగు రోజులు పరేషానైనవా? మాకు గ్లౌజు వేలు చినిగితే పారేసేది లేకుండె. చినిగిన వేలికి లోపలికెల్లి ముడేసి, వార్డు కడగనీకి పంపుతుంటిమి. ముడి మంచిగేస్తే నీళ్లు సుత పోవు."

ఒక ఎడమ గ్లౌజు తీసి లోపలిది బయటికి తిప్పింది. కుట్లు వేసే నల్లటి పట్టుదారంతో మూడు వేళ్లనూ మొదట్లో గట్టిగా కట్టింది. ముడికి అవతల కొంచెం వదిలి మిగతాది కత్తిరించేసింది. మళ్లీ తిరగేసి ఊదింది. అందులో బొటనవేలు, చూపుడువేలు నిలబడ్డాయి. మిగతా చోట మూడు చిన్న ముడతలు, అంతే. తొడుక్కుంటే నా బుడిపెలు ఆ ముడతల్లో సరిగ్గా సర్దుకున్నాయి.

"మూడు ముళ్లేసిన. ఇగ నీకు పెండ్లైపోయింది పో" అంది పెద్దమ్మ. నవ్వొచ్చింది, దానితో పాటే ఇందాక రాని ఏడుపు కూడా వచ్చింది.

సిస్టర్‌కు చూపిస్తే చేతిలోకి తీసుకుంది. గ్లౌజు నిండా నీళ్లు పోసి, కిటికీ దగ్గర ఎత్తిపట్టుకుని చాలాసేపు చూసింది. చుక్క కారలేదు. ముళ్లు ఒక్కొక్కటీ లాగి చూసింది. "దీనితో అభ్యాసం చెయ్యి" అంది. ఐదు రోజులు అదే జత వేసుకుని ఫోర్సెప్స్ అందించాను, సూదికి దారం ఎక్కించాను. ఒక్కసారి కూడా ఎక్కడా చిక్కలేదు. సిస్టర్ దూరం నుంచి చూసేది, దగ్గరికొచ్చేది కాదు. మెచ్చుకుంటోందో తప్పు వెతుకుతోందో నాకు తెలిసేది కాదు.

పరీక్షకు పాతది ఎందుకని పెద్దమ్మ ముందురోజు కొత్త జత కట్టి డ్రమ్ములో పెట్టింది. నేను అప్పుడు అక్కడ లేను.

పరీక్ష రోజు ఎగ్జామినర్ మేడమ్ కుర్చీలో కూర్చుంది. ఆమె పక్కన సిస్టర్ నిలబడింది. నేను చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను, గౌను వేసుకున్నాను. తోటి విద్యార్థిని డ్రమ్ములోంచి ప్యాకెట్ తీసి బల్ల మీద విప్పింది. గ్లౌజులు రెండూ అరచేతులు పైకి పెట్టి పడుకున్నాయి. ముళ్లు కుడి గ్లౌజుకు ఉన్నాయి.

ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. గ్లౌజు లోపలిది బయటికి తిప్పితే కుడిది ఎడమదానిలా కనిపిస్తుంది. పెద్దమ్మ ఈసారి జత మొత్తం ముందే తిప్పి పెట్టుకుంది. ఎడమదిలా కనిపించినదానికి ముళ్లు వేసింది. కట్టేటప్పుడు ఎదురుగా నా చేయి ఉండి ఉంటే ఆ పొరపాటు చేసేది కాదు.

చేతులు ఛాతీ ముందు ఎత్తి పట్టుకుని నిలబడిపోయాను. ముళ్లు లేని ఎడమ గ్లౌజు ఎలాగోలా తొడుక్కుని, ఖాళీ వేళ్లు అరచేతిలో నొక్కిపెట్టి, కాసేపు నెట్టుకురావచ్చు. ఎగ్జామినర్‌కు తెలియకపోవచ్చు. కానీ కుడి చేతికి మూడు ముళ్ల గ్లౌజు ఎలా వేసుకోను? అక్కడికక్కడే తిరగేద్దామంటే ముళ్ల కొనలు బయటికి వస్తాయి, శుభ్రమైన పైభాగం చేతికి తగులుతుంది. ఇంకో మామూలు జత అడిగితే మళ్లీ ఆ మూడు కాడలే. చేతకాదని ఒప్పుకున్నట్టే. డాక్టరు రాసిన వాక్యం కళ్ల ముందు కనిపించింది.

"ప్యాకెట్ తప్పు మేడమ్" అన్నాను. "నా ఎడమ చేతికి ముడివేసిన గ్లౌజు కావాలి. ఇందులో కుడిదానికి వేశారు. ఇవి నేను వేసుకోలేను."

ఎగ్జామినర్ నా చేయి అప్పుడు చూసింది. సిస్టర్ వైపు తిరిగి, "ఇంకోటి ఉందా?" అని అడిగింది.

లేదని నాకు తెలుసు. పరీక్ష కోసం పెద్దమ్మ కట్టింది ఒక్క జతే. సిస్టర్ మాత్రం రెండో డ్రమ్ము దగ్గరికి నడిచింది. తనే మూత తీసి, పొడవాటి పటకారుతో అడుగునుంచి ఒక గుడ్డ సంచి తీసింది. బల్ల మీద విప్పింది. అది నేను ఐదు రోజులు అభ్యాసం చేసిన పాత జత. కడిగి, పౌడరు కొట్టి, మడిచి ఉంది. ముళ్లు ఎడమదానికి ఉన్నాయి.

తొడుక్కున్నాను. తర్వాత అరగంట ఎలా గడిచిందో పెద్దగా గుర్తులేదు. సామాను పరిచాను, అడిగినవి అందించాను, ఏదీ చిక్కలేదు. ఎగ్జామినర్ ఒకటి రెండు ప్రశ్నలు వేసింది, చేతి గురించి ఒక్కటీ అడగలేదు.

బయటికొస్తే పెద్దమ్మ తలుపు దగ్గర చేతులు పిసుక్కుంటూ నిలబడి ఉంది. సంగతి అప్పటికే తెలిసిపోయింది. "నా కండ్లు కాలిపోను, కుడిదానికెట్ల కట్టిన్నే బిడ్డా!"

"పోనీలే పెద్దమ్మా. ఇంకో జత పెట్టి మంచిపని చేసినవ్."

పెద్దమ్మ నా మొహం వింతగా చూసింది. "నేనేడ పెట్టిన? పాతది సిస్టరమ్మ మొన్ననే నా దగ్గరికెల్లి తీస్కపోయింది. పారేసిందేమో అనుకున్న."

వెనక్కి తిరిగి చూశాను. సిస్టర్ తర్వాతి అమ్మాయికి బల్ల సిద్ధం చేయిస్తోంది. నేను చూస్తున్నట్టు తెలిసి, "థియేటర్లో ఏదీ ఒక్కటే ఉంచకూడదు" అంది, పాఠం చెప్పినట్టు. అంతకుమించి ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ దాని గురించి మాట్లాడలేదు.

కోర్సు పూర్తయి కాగితాలు తీసుకునే రోజు అమ్మ కూడా నాతో కాలేజీ ఆఫీసుకు వచ్చింది. క్లర్కు నా ఫైలు చేతికిచ్చి రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. మొదటి పేజీలోనే ఆ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది. 'చేతిని మళ్లీ పరీక్షించాలి' అన్న వాక్యం పక్కన సిస్టర్ ఎర్ర ఇంకుతో ఇంగ్లీషులో ఏదో రాసి సంతకం పెట్టింది. నేను రెండుసార్లు చదివాను.

"ఏం రాసిన్రు?" అంది అమ్మ, నా భుజం మీదుగా చూస్తూ. ఆమెకు చదవడం రాదు.

"గ్లౌజు సరిగ్గ లేకుండెనంట, బాగు చేసిన్రంట."

"మరి చెయ్యి?"

"చెయ్యి గురించి ఏం రాయలేదమ్మా."

అమ్మ ఆ ఎర్ర అక్షరాలను వేలితో ఒకసారి తడిమింది. తర్వాత ఫైలు తీసుకుని, నేను సంతకం పెట్టేదాకా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.