తెరమీద చెవి

అరవైల మొదట్లో నందిగామ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేరాను. పిల్లలకు కుండలూ కూజాలూ గీయడం నేర్పేవాణ్ని గానీ, మనసంతా పాటమీదే. దేవుడు గొంతు ఇచ్చాడు, అదీ ఊరవతలకి వినపడేంత పెద్దది. శృతి మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. మా చర్చిలో పాట ఎత్తుకోబోతుండగానే పాస్టరుగారు నా భుజంమీద చెయ్యేసి, "మాష్టారూ, మీరు తలుపు దగ్గరుండి వచ్చేవాళ్లని కూర్చోబెట్టండి," అనేవారు. ఎంత నమ్మకస్థుణ్నో అని పొంగిపోయేవాణ్ని.

జగ్గయ్యపేటలో పద్యనాటకాలాడే బృందం ఒకటుండేది. నాటకానికి ముందు అందరూ తెర వెనక నిలబడి ప్రార్థన పాడడం ఆనవాయితీ. వేషం లేనివాడు కూడా, చివరికి తెర లాగేవాడు కూడా గొంతు కలపొచ్చు. ఆ వరసలో నిలబడాలని నాకు ప్రాణం కొట్టుకునేది. వాళ్ల పాత తెర చిరిగిందని తెలిసి ఆదివారం బస్సెక్కాను.

"కొత్త తెరమీద బొమ్మ నేను వేసిస్తానండి. నాకేం వద్దు. ప్రార్థనలో నన్నూ నిలబడనిస్తే చాలు," అన్నాను.

ఆ బృందంలోని ముసలి హార్మోనిస్టు నా పాట అంతకుముందు ఒకసారి విన్నాడు. ముక్కుపొడి పీల్చి, చిరిగిన తెరవైపు ఓసారి చూశాడు. "తెర వెనకే కదా, ఎవరికి వినపడుద్ది? నిలబడండి మాష్టారూ," అన్నాడు.

సరస్వతినో నెమలినో వేస్తే సరిపోయేది. నేనేమన్నా అందరిలాంటివాణ్నా? మా సైన్సు గదిలో చెవి పటం ఒకటి వేలాడేది. పాట వినే సాధనమే ఇంత అందంగా ఉంటే వేరే బొమ్మ దేనికనిపించింది. తెర నిండా చెవి వేశాను. లోపలుండే మూడు బుల్లి ఎముకలు ముగ్గురు వాద్యగాళ్లయ్యారు. నత్తగుల్లలా ఉండే భాగానికి వీణ తీగలు చుట్టాను. కర్ణభేరి దగ్గరికొచ్చేసరికి నా తెలివి ఆగలేదు. అక్కడ గుడ్డని చాటంత గుండ్రంగా కోసేసి ట్రేసింగు కాగితం బిగించాను. పాటకి అది వణకడం జనం కళ్లారా చూడాలి!

నాటకం రోజు చందర్లపాడు నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చారు. ఎప్పటిలాగే తెరకి కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. ముందు వరసలో పెద్దాయన ఒకరు లెంపలేసుకుని, "ఇది ఏ దేవుడండీ?" అని పక్కాయన్ని అడిగారు. "దేవుడు కాదండీ, శంఖం. విష్ణుమూర్తిది," అన్నాడు పక్కాయన. ఆ మాటలు తెర వారనుంచి విని, కళ తెలియని జనం అని జాలిపడ్డాను.

ప్రార్థన మొదలైంది. కాగితం వణుకు దగ్గర్నుంచి చూద్దామని సరిగ్గా దాని వెనకే నిలబడి గొంతెత్తాను. జిగురూ రంగూ పట్టి తెర రేకులా బిగుసుకుపోయింది. మిగతావాళ్ల పాట దాని వెనకే ఆగిపోయింది. నా పాట ఒక్కటే కాగితంలోంచి నేరుగా జనంలోకి పోతోంది. ఆ సంగతి నాకు తెలియదు. కళ్లముందు కర్ణభేరి అదురుతుంటే ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవతల ఎవరో "వన్స్‌మోర్!" అని అరిచారు. ఇంకా చాలామంది అందుకున్నారు. పద్యం నచ్చితే అరిచే అరుపే అది. ఆటపట్టించడానికి అరిచేదీ అదే. నేను మొదటిదే అనుకుని మళ్లీ ఎత్తుకున్నాను. పక్కవాళ్లు ఎప్పుడు నోళ్లు మూశారో గమనించనే లేదు. ఈసారి కాగితం పర్రున చిరిగింది. ఆ చిల్లులోంచి చూస్తే, ముందు వరస పెద్దాయన రెండు చెవులూ మూసుకుని కనిపించారు.

అప్పటికి అర్థమైంది. చెప్పులు వెతుక్కుంటుంటే హార్మోనిస్టు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకెప్పుడూ పాడనండి," అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. పాడలేనందుకు కాదు, ఇక ఆ వరసలోకి రానివ్వరని.

"పాడొద్దులే. పోవద్దు కూడా," అని నన్ను, పాడేవాళ్లకి స్వరం అందించే శృతిపెట్టె ముందు కూర్చోబెట్టాడు. "నోరు మూసుకుని ఈ తిత్తి ఆడిస్తా ఉండండి. ఆపమాకండి."

బదిలీ అయ్యేదాకా ఆ తిత్తి నాదే. అందులోంచి వచ్చేది శృతో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ ఎంత పేరున్న నటుడైనా పద్యం ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆగి, నావైపు చెవి ఒగ్గేవాడు.