మా వీధి మగ్గాలు ఆగిన వేళ

పదో తరగతి చదివే మా అమ్మాయి యువ నాయకత్వ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడుతోంది. 'నేను ఎమ్మెల్యేనైతే' అని మాట్లాడి వీడియో పంపాలట. నగరిలో మా వీధి నిండా పవర్‌లూమ్‌ల మోతే. ఈ సాయంత్రం తనే ఇంటింటికీ వెళ్లి బతిమాలి, మగ్గాలన్నీ ఆపించింది. ఓట్లడగడానికి వచ్చినవాళ్ల కోసం కూడా మా వీధిలో ఎవరూ మగ్గం ఆపలేదు.

తీరా నేను ఫోన్‌లో వీడియో మొదలుపెడితే, పిల్ల నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?"

"సద్దు లేకుంటే మాటే రాదు నాయనా. మళ్లా మగ్గాలు ఆడించమని చెప్పు."

మోత మొదలవగానే గడగడా మాట్లాడేసింది. వీడియోలో ఒక్క ముక్కా వినపడలేదు.

ఇప్పుడు రెండు వీడియోలున్నాయి. ఏది పంపమంటారు? నేనైతే మొదటిదే అంటాను. మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను పుట్టాక ఇదే చూడటం.