జిలాన్ కాలు తూలిన పూట

గోరంట్ల దగ్గరి పల్లెలో పరుపులు కుట్టే జిలాన్ ఇరవై రెండేళ్లుగా మొహర్రానికి పెద్ద పీరును ఎత్తుతున్నాడు. పొడవాటి కర్రకు పట్టుగుడ్డలు చుట్టిన ఆ పీరు ఊరేగింపులో నేలకు తగలకూడదు. తగిలితే ఊరంతటికీ కీడంటారు.

ఈ ఏడు ఎత్తాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాడు. ఆరు నెలలుగా అడుగు అనుకున్నచోట పడడం లేదు. సూది చేతిలోకి తీసుకుని, ఎందుకు తీసుకున్నాడో మరిచిపోతున్నాడు. చూసినవాళ్లు పొద్దున్నే తాగాడనుకున్నారు. అననీలే అని ఊరుకున్నాడు. పద్నాలుగేళ్లుగా ఒక్కపూట తప్పకుండా మింగుతున్న హెచ్ఐవీ మాత్రల సంగతి భార్య మస్తానాబీకి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ జబ్బు మెదడును తాకిందని, నడక తూలేది అందుకేనని అనంతపురం డాక్టరమ్మ చెప్పింది. రోజూ గోడ పట్టుకుని నడవమంది. నడిచాడు. అడుగుల లెక్క మరిచిపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

"ఒక్క వీధే గదా, మోస్తా" అన్నాడు మస్తానాబీతో.

"మొయ్. పడితే మాత్రం నన్ను పిలవద్దు" అంటూనే ఆమె వెంట బయల్దేరింది.

పీర్లచావిడి నుంచి పది ఇళ్లు దాటారో లేదో, కాలు అడ్డంగా పడింది. జిలాన్ అటూ ఇటూ తూలి పీరును గుండెకు హత్తుకున్నాడు. డప్పులు జోరందుకున్నాయి.

"సామి ఒంటిమీదికొచ్చినాడు!" అంటూ ఆడవాళ్లు అతని కాళ్లమీద బిందెలతో నీళ్లు పోశారు. రైతు ఓబన్న జనాన్ని తోసుకొచ్చి చేతులు జోడించాడు.

"సామీ, రెండేండ్లు పంట ఎండిపాయ. శెనక్కాయ విత్తనం ఇప్పుడు వెయ్యల్నా, ఆగల్నా? నీ మాట మీదే వేస్తా."

వెయ్ అంటే చాలు. తూలిన కాలు మహిమైపోతుంది, రోగం మాట ఎవరి నోటా రాదు. కానీ వాన రాకపోతే?

"డప్పులాపండప్పా" అన్నాడు జిలాన్. "ఓబన్నా, సామి రాలేదు. ఇది నా రోగం. నాకు హెచ్ఐవీ ఉండాది. మెదడుకు తగులుకుని నడక చెడింది. వాన సంగతి నాకేం తెలుసు? నన్ను నమ్మి విత్తనం వెయ్యాకు."

జిలాన్ పక్కనే ఉన్న మేనల్లుడు తౌఫిక్‌కు పీరును అందించాడు. చేతులు మారేదాకా దాని మొదలు నేలకు జానెడెత్తునే ఉంది.

ఓబన్న అతన్ని ఎగాదిగా చూశాడు.

"తాగుతాండావని ఊరంతా చెప్తిని గదప్పా! నోరు తెరిచి ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే పరుపులు కుట్టించుకుంటారా?"

"మా ఇంట్లో రెండు చినిగినాయి. రేపు రా" అంటూ ఓబన్న దగ్గరికి జరిగాడు. "నీళ్లు పోసి బురద జేసిరి. ఏ పక్కకు ఒరుగుతావు నువ్వు?"

"కుడికి."

ఓబన్న కుడిపక్కకు వచ్చి నిలబడ్డాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.