లచ్చవ్వ వంటింట్లో నా చెయ్యి

పుంటికూర, అంటే గోంగూర, ఉడికేటప్పుడు వచ్చే పుల్లటి వాసన ఇవాళ పొద్దున్నే వంటింట్లోంచి వసారా దాకా వచ్చింది. వెనకే చెంచా చప్పుడు. మా అన్న మనవరాలు నా దగ్గరే ఉండి చదువుకుంటోంది, నన్నూ బాపమ్మా అనే పిలుస్తుంది. పప్పు ఇంకా పొయ్యి దిగనే లేదు, అప్పుడే అరచేతిలో వేసుకుని చప్పరిస్తోంది. "ఉప్పు సరిపోయిందా బాపమ్మా, జర చూడు" అంటూ గరిటె పట్టుకొచ్చింది. వద్దన్నాను. దేవుడికి పెట్టకముందు వంట రుచి చూడని మనుషులుంటారంటే ఆ పిల్లకు నవ్వు. నమ్మించాలంటే లచ్చవ్వ గురించి చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. పందొమ్మిదేళ్ళకే భర్త పోయి, ఆర్మూర్‌లో మా అన్న ఇంటికి తిరిగొచ్చాను. అన్నది పసుపు అడ్తి దుకాణం. రైతుల పసుపు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేవాడు. ఊరంతా పసుపే. ఎడ్ల కొమ్ముల మీద పసుపు, హమాలీల కనురెప్పల మీద పసుపు. నా ముఖానికి మాత్రం అది పనికిరాదన్నారు. తలచుకుంటే ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. వదిన చెడ్డ మనిషి కాదు, ఏనాడూ మాట అనలేదు. అయినా రెండోసారి అన్నం అడగాలంటే నాకు నోరు పెగిలేది కాదు. సగం ఆకలితోనే చేయి కడుక్కునేదాన్ని. ఒకరు పెడితే తినడం వేరు, నాది నేను తినడం వేరు. ఆ రెండోది కావాలని నాకు తీరని కోరిక ఉండేది.

లచ్చవ్వది పసుపు అమ్మకాలు జరిగే గంజ్ వెనక పెంకుటిల్లు. ఆమె కూడా నాలాగే చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఏర్గట్ల, మెండోర, భీమ్‌గల్ నుంచి బండ్ల మీద పసుపు తెచ్చే రైతులకు అన్నం వండిపెట్టి బతికేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం బజారు చివరిదాకా వినిపించేది. పసుపు సీజన్‌లో ఒక్కతే చేసుకోలేక, సాయానికి నన్ను పంపమని అన్నను అడిగింది. ఇంట్లో కూర్చుని ఏడ్చే బదులు పోనీలే అని అన్న ఒప్పుకున్నాడు.

ఆ వంటింటికి కొన్ని పద్ధతులుండేవి. పొయ్యి అలికి ముగ్గు పెట్టనిదే నిప్పు రాజేసేది కాదు. వండింది మోదుగాకు విస్తరిలో కొంచెం వడ్డించి, గూట్లో ఉన్న రాజన్న దేవుడికి చూపించాకే మనుషులకు పెట్టేది. అంతవరకూ ఎవరూ నోట వేసుకోకూడదు. "దేవునికి ఎంగిలి పెడ్తమా?" అనేది. మరి ఉప్పు సంగతి ఎలా తెలుస్తుందంటే తన పిడికిలి చూపించేది. పెద్ద కుండెడు పప్పుకు రెండు పిడికిళ్ళ గల్లుప్పు. ఆమె వంటలో ఒక్కనాడూ ఉప్పు తప్పింది లేదు.

ఒకరోజు నన్ను వేయమంది. నేనూ రెండు పిడికిళ్ళు వేశాను. దేవుడు తిన్నాడు, ఏమీ అనలేదు. రైతులు మాత్రం మొదటి ముద్దకే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మెండోర నుంచి వచ్చిన ముసలి రైతు చెంబెత్తి గటగటా తాగి, "లచ్చవ్వా, గీ పప్పు తిన్నంక గోదారి మొత్తం తాగినా దూప తీరేటట్టు లేదు" అన్నాడు. పంక్తి అంతా గొల్లుమంది. నేను గోడకు అంటుకుపోయాను.

లచ్చవ్వ తిట్టలేదు. అందరూ లేచాక నా చేయి పట్టుకుని తన చేతి పక్కన పెట్టింది. నా చేయి మా నాయన చేయి, వెడల్పు. ఆమెది చిన్నపిల్ల చేయంత ఉంది. "చూసినవా? నా చెయ్యి చూసి ఏసినవ్. నీ చెయ్యి నువ్వు చూస్కోలే."

"ఒక గిన్నె పెట్టుకుందాం పెద్దమ్మా, కొలిచి వేస్తాను" అన్నాను.

"గిన్నె పోతే ఏంజేస్తవ్? చెయ్యైతే ఏడికీ పోదు. అన్నీ ఏసి చూడు, నన్ను ఏసి చూడు అన్నదంట ఉప్పు. రోజూ ఎయ్యి, నీ చెయ్యే నేర్సుకుంటది."

అలా రోజూ వేశాను. ఒకనాడు చప్పగా, ఒకనాడు ఎక్కువగా. పంక్తిలో కూర్చున్నవాళ్ళ ముఖాలే నాకు బడి. తిన్నవాళ్ళు వెక్కిరించారు, లచ్చవ్వ వాళ్ళను ఎదురు వెక్కిరించింది. నేను మాత్రం ఆ ఇంటికి పరుగెత్తుకుంటూ పోయేదాన్ని.

సీజన్ నడిమధ్యలో లచ్చవ్వ పిడుగులాంటి మాట చెప్పింది. వేములవాడ రాజన్నకు మొక్కు ఉందట, తెల్లారి పోవడానికి బండి కూడా మాట్లాడుకుందట. గంజ్ నిండా బండ్లు ఉండగా పోవడమేమిటని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ సాయంత్రం ఈ సంగతి తెలిసి అన్న నన్ను పిలిచాడు. "చెల్లె, నలుగురు నాలుగు మాటలంటుండ్రు. లచ్చవ్వ ఉన్నన్ని దినాలు సరే. నువ్వొక్కదానివే గంజ్‌ల మొగోళ్ళకు వడ్డిస్తే మన ఇజ్జత్ ఏంగాను? రేపు నేనే వచ్చి చూస్త. జర తేడా వచ్చినా మల్ల గడప దాటుడు లేదు" అన్నాడు.

తెల్లవారుజామున బండెక్కబోతున్న లచ్చవ్వకు అంతా చెప్పి ఏడ్చాను. "ఉప్పు తప్పితే నా బతుకు ఆ ఇంట్లోనే పెద్దమ్మా!" అన్నాను.

"తప్పితే తప్పుతది. దేవుని ముందట ఏడ్వకు. నేనేసిన, నువ్వు తిను అని చెప్పు. గంతే." అంది, బండి కదిలింది.

పొయ్యి అలికాను, ముగ్గు పెట్టాను. పుంటికూర పప్పు కుతకుతలాడుతుంటే ఉప్పు కుండలో చేయి పెట్టాను. ఒక పిడికిలి నిండుగా తీశాను, వేశాను. రెండోసారి వేళ్ళు వాటంతట అవే సగం దగ్గర ఆగాయి. విస్తరి వడ్డించి గూటి ముందు పెట్టి, "రాజన్నా, నేనేసిన, నువ్వు తిను" అన్నాను. లేచి విస్తర్లు పరవడానికి పోయాను.

పంక్తి కూర్చుంది. అందులో మెండోర ముసలి రైతూ ఉన్నాడు. మొదటి ముద్దకు ముందే చెంబు దగ్గరికి జరుపుకున్నాడు, దొంగ! అందరూ అతన్నే చూస్తున్నారు. నమిలాడు, మింగాడు. చెంబును అవతలికి నెట్టి, "బిడ్డా, ఇంకింత పప్పెయ్యి" అన్నాడు. ఆ తర్వాత నాకు నిలబడే తీరిక లేదు. ఇటు పప్పు, అటు పచ్చిపులుసు.

తల ఎత్తేసరికి గుమ్మంలో అన్న. ముసలి రైతు పక్కకు జరిగి, "సేటూ, కూసో, పప్పు మస్తుగున్నది" అన్నాడు. అన్న మొహమాటపడుతూనే చెప్పులు విడిచి కూర్చున్నాడు. విస్తరి వేసి వడ్డించాను. తలవంచుకుని తిన్నాడు. విస్తరి ఖాళీ అయ్యాక కూడా లేవలేదు. ఎటో చూస్తూ, చిన్న గొంతుతో, "చెల్లె, ఇంకింత అన్నమున్నదా?" అని అడిగాడు.

"ఉన్నదన్నా. కడుపునిండ తిను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సంతోషంతో గంజ్ అంతా తిరిగి చాటాలనిపించింది.

మొక్కు తీర్చుకుని తిరిగొచ్చిన లచ్చవ్వ ఉప్పు మాటే ఎత్తలేదు. "మీ అన్న ఎన్నిసార్లు పెట్టించుకున్నడు?" అని అడిగింది. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మరుసటి సీజన్‌కు అదే వాడలో నా పొయ్యి నేను రాజేసుకున్నాను. మొదటి బండెడు కట్టెలు అన్నే తోలించాడు. ఎందరికి పెట్టానో లెక్కలేదు. లచ్చవ్వ పోయి చాలా ఏళ్ళైంది గానీ, ఆమె నేర్పింది నా చేతిలో చెక్కుచెదరకుండా ఉంది. ఆ తర్వాత అన్నం కోసం నేను ఎవరి ముఖమూ చూడలేదు.